పాఠశాలల ఛాయాచిత్రకారిణి ఫ్రాన్సిస్ జాన్‌స్టన్

ఒక పాఠశాల చరిత్రను వ్రాయబూనినవారికి హాజరుపట్టీలు, జమాఖర్చుల పుస్తకాలు, వార్షిక నివేదికలు ఎంతగానో ఉపకరిస్తాయి. ఎందరు పిల్లలు చేరారో, ఎంత ధనం ఖర్చయిందో, ఏ యేట ఏ భవనం లేచిందో అవి చెబుతాయి. కాని తరగతిగదిలోకి వెలుతురు ఏ వైపునుంచి వచ్చేదో, పిల్లలు ఎటువంటి దుస్తులు ధరించి ఎలా కూర్చునేవారో, ఉపాధ్యాయుని చేతిలో బెత్తం ఉన్నదో భూగోళం ఉన్నదో ఆ పుస్తకాలు చెప్పవు. అమెరికాలో బానిసత్వం రద్దయిన తరువాత నల్లజాతివారి తొలి తరాలు చదువుకొన్న విద్యాలయాలను గురించి ఈ సంగతులు కూడా నేడు తెలుస్తున్నాయంటే, అందుకు ముఖ్యకారకులలో ఒకరు ఫ్రాన్సిస్ బెంజమిన్ జాన్‌స్టన్ అనే ఛాయాచిత్రకారిణి.

ఆమె తెల్లజాతి స్త్రీ. రాజధానీ నగరంలో పెరిగి, దేశాధ్యక్షుల చిత్రాలు తీసి కీర్తి గడించింది. అటువంటి స్త్రీ బరువైన కెమెరాను, గాజు పలకల పెట్టెలను వెంటబెట్టుకొని, దక్షిణాది రాష్ట్రాల మారుమూల గ్రామాలలోని నల్లజాతి పిల్లల బడులకు వెళ్ళడం ఆ కాలంలో సామాన్యమైన విషయం కాదు. ఆ చిత్రాలు ఆమెకు బహుమానాలు తెచ్చిపెట్టాయి, విద్యాలయాలకు విరాళాలు తెచ్చిపెట్టాయి. అదే పని ఒక ఉపాధ్యాయునికి తన బడినీ, తన ఊరినీ దూరం చేసింది. ఈ రెండు సంగతులను కలిపి చూసినప్పుడే ఆమె జీవితం పూర్తిగా అర్థమవుతుంది.

బాల్యం, విద్య

ఫ్రాన్సిస్ 1864 జనవరి 15న పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలోని గ్రాఫ్టన్ పట్టణంలో జన్మించింది. అది అంతర్యుద్ధ కాలం. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దక్షిణాది రాష్ట్రాలు దేశంనుండి విడిపోగా, విడిపోవడానికి ఇష్టపడని వర్జీనియా పడమటి జిల్లాలు అంతకు ముందటి యేడే, 1863లో, ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడ్డాయి. తరువాత ఆమె కుటుంబం వాషింగ్టన్ నగరంలో స్థిరపడింది. తండ్రి ప్రభుత్వ కోశాగారంలో ఉద్యోగి. తల్లి పత్రికా రచయిత్రి. శాసనసభా విశేషాలను, నాటకరంగ విశేషాలను పత్రికలకు వ్రాసేది. స్త్రీలు పత్రికారంగంలో అరుదుగా కనిపించే ఆ రోజులలో, తల్లి సంపాదనపరురాలై స్వతంత్రంగా బ్రతకడం కుమార్తె కళ్ళారా చూసింది.

మేరీలాండ్‌లోని ఒక కాన్వెంటులో 1883లో చదువు ముగించి, ఫ్రాన్సిస్ చిత్రలేఖనం అభ్యసించడానికి ప్యారిస్ వెళ్ళింది. అక్కడి ప్రభుత్వ కళాశాల 1897 వరకు స్త్రీలను చేర్చుకోలేదు. అందుచేత స్త్రీలకు కూడా ప్రవేశమున్న జూలియన్ అకాడమీలో రెండేళ్ళు శిక్షణ పొందింది. తిరిగి వచ్చి పత్రికలకు వ్యాసాలు వ్రాస్తూ, వాటికి తానే బొమ్మలు వేస్తూ జీవనం ప్రారంభించింది. అంతలోనే చేతితో గీసిన బొమ్మలకు బదులు ఛాయాచిత్రాలను అచ్చువేసే పద్ధతి పత్రికలలో వ్యాపించసాగింది. రాబోయే కాలాన్ని పసిగట్టిన ఫ్రాన్సిస్ కొడక్ కెమెరాల నిర్మాత జార్జి ఈస్ట్‌మన్‌కు ఉత్తరం వ్రాసి ఒక కెమెరా సంపాదించింది. స్మిత్‌సోనియన్ సంస్థలో ఛాయాచిత్ర శాఖాధిపతి అయిన థామస్ స్మైలీ వద్ద ఆ విద్యలోని మెళకువలు నేర్చుకొన్నది.

1890 తరువాతి పదేళ్ళలో ఆమె పేరు దేశమంతటా వినిపించింది. నాణేలు ముద్రించే టంకసాల, పెన్సిల్వేనియాలోని బొగ్గుగనులు, కెంటకీలోని మామత్ గుహలు ఆమె కెమెరాకు ఎక్కాయి. చీకటి గుహలలో మెగ్నీషియం పొడిని మండించి, ఆ క్షణికమైన వెలుగులో చిత్రాలు తీసింది. తమ ఇంటి వెనుక తోటలో స్టూడియో కట్టించుకొన్నది. క్లీవ్‌లాండ్, హారిసన్, మెకిన్లీ, రూజ్‌వెల్ట్, టాఫ్ట్ - ఈ అధ్యక్షులందరినీ ఆమె చిత్రించింది. 1897లో స్త్రీల మాసపత్రిక ఒకదానిలో, కెమెరాతో స్త్రీ ఏమి సాధించగలదో వివరిస్తూ వ్యాసం వ్రాసి, ఈ వృత్తికి కావలసినవి సహనం, ఇంగితజ్ఞానం, ఎదుటివారిని ఒప్పించే నేర్పు, కష్టపడే స్వభావం అని బోధించింది. స్త్రీలకు ఆనాడు విధించిన మర్యాదలను కొంత పరిహసించే స్వభావం కూడా ఆమెకు ఉండేది. ఒక చేత సిగరెట్టు, మరొక చేత మద్యపాత్ర పట్టుకొని, కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నట్లు 1896లో ఆమె తీసుకొన్న స్వీయచిత్రం నేటికీ ప్రసిద్ధం.

బడులవైపు దృష్టి

1900లో ప్యారిస్‌లో జరుగనున్న ప్రపంచ ప్రదర్శనకు అమెరికా ప్రభుత్వం సన్నాహాలు చేస్తున్న రోజులవి. దేశంలో విద్యావిధానం ఎలా ఉన్నదో చూపడానికి వాషింగ్టన్ నగర పాఠశాలల చిత్రాలు తీసే పని 1899లో ఫ్రాన్సిస్‌కు లభించింది. సుమారు ఆరు వారాలలో ఆమె 700 చిత్రాలు తీసింది. ఆ నగరంలో తెల్లవారి పిల్లలకు, నల్లవారి పిల్లలకు వేరువేరు బడులు. ఆమె రెండింటికీ వెళ్ళింది. పాఠం వల్లెవేయించడంకంటె వస్తువును ఎదుట పెట్టి పరిశీలింపజేయడం మేలనే నూతన విద్యావిధానం అప్పుడప్పుడే ప్రచారంలోకి వస్తున్నది. ఆకులను, రాళ్ళను, పనిముట్లను చుట్టుముట్టి చూస్తున్న పిల్లలు ఆ చిత్రాలలో కనిపిస్తారు.

ఆనాటి కెమెరాతో తరగతిగదిలో చిత్రం తీయడమంటే నేటివలె మీట నొక్కడం కాదు. గది లోపలి మసక వెలుతురులో గాజు పలకపై బొమ్మ పడడానికి కొంతసేపు పట్టేది. అంతసేపూ ముప్పయి నలభై మంది పిల్లలు కదలకుండా ఉండాలి. అందుచేత ప్రతి చిత్రాన్ని నాటకంలోని దృశ్యంవలె ముందుగా అమర్చవలసి వచ్చేది. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరి చేయి ఎక్కడ ఉండాలి, ఎవరి చూపు ఎటు ఉండాలి అన్నీ నిర్ణయించిన తరువాతే పలకను తెరిచేది. ఆమె చిత్రాలలో కనిపించే అపూర్వమైన నిశ్చలత్వానికి కారణం ఇదే.

హాంప్టన్ విద్యాలయం

వాషింగ్టన్ బడుల చిత్రాలను చూసిన హాంప్టన్ విద్యాలయ ప్రధానాచార్యుడు హాలిస్ ఫ్రిసెల్ తమ సంస్థను కూడా చిత్రించవలసిందిగా ఆమెను ఆహ్వానించాడు. వర్జీనియా తీరంలోని ఈ హాంప్టన్ నల్లజాతి విద్యాచరిత్రలో పుణ్యక్షేత్రం వంటిది. బానిసలకు చదువు చెప్పడాన్ని వర్జీనియా రాష్ట్రం 1831లో చట్టంచేత అణచివేసింది. అంతర్యుద్ధం ఆరంభమైన 1861లో, యజమానులనుండి పారిపోయి ఉత్తరాది సైన్యం కోటను ఆశ్రయించిన బానిసల పిల్లలకు మేరీ పీక్ అనే నల్లజాతి ఉపాధ్యాయిని ఒక పెద్ద సింధూరవృక్షం నీడన అక్షరాలు దిద్దించింది. ఆ చెట్టు ఇప్పటికీ ఉన్నది. దానికి సమీపంలోనే 1868లో శామ్యూల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే సైన్యాధికారి హాంప్టన్ విద్యాలయాన్ని నెలకొల్పాడు. యుద్ధంలో నల్లజాతి పటాలాలకు నాయకత్వం వహించినవాడాయన.

అక్కడ చదువుతోపాటు చేతిపని తప్పనిసరి. వడ్రంగం, వ్యవసాయం, కుట్టుపని, వంట నేర్పేవారు. విద్యార్థులు పనిచేసి జీతం కట్టుకొనేవారు. అక్కడ చదివినవారిలో చాలామంది పల్లెబడులలో ఉపాధ్యాయులయ్యారు. బానిసగా పుట్టి, 1872లో ఇంటినుండి సుమారు 500 మైళ్ళ దూరం, అందులో చాలాభాగం కాలినడకన, ప్రయాణంచేసి వచ్చి చేరిన బుకర్ టి. వాషింగ్టన్ వారిలో అగ్రగణ్యుడు. 1878నుండి ఆదివాసి ఇండియన్ తెగల యువకులను కూడా హాంప్టన్‌లో చేర్చుకొన్నారు.

1899 డిసెంబరులోను, 1900 జనవరిలోను ఫ్రాన్సిస్ అక్కడ మకాంచేసి సుమారు 150 చిత్రాలు తీసింది. వాటిలో ఒక చిత్రంలో విద్యార్థులు కోశాధికారి ఇంటికి మెట్లు కడుతుంటారు. ఒకడు కింది మెట్టుమీద వంగి ఉన్నాడు, మరొకడు పైమెట్టుమీద కొలత చూస్తున్నాడు. ఎవరి పని వారిది, కాని అందరి ఒళ్ళూ ఒకే లయలో ఉన్నట్లు కనిపిస్తుంది. మరొక చిత్రంలో భూగోళ శాస్త్రపు తరగతి ఋతువులు మారే తీరును పరిశీలిస్తుంటుంది. ఇంకొక చిత్రంలో పిల్లలు అడుగులతో నేలను కొలిచి లెక్కలు నేర్చుకొంటున్నారు. విద్యాలయానికి అనుబంధంగా ఉన్న విట్టియర్ ప్రాథమిక పాఠశాలలో చిన్నపిల్లలు జెండాకు వందనం చేస్తున్నారు. ఎవరి ముఖంలోను దైన్యం లేదు. చింపిరి గుడ్డలు లేవు. తెల్లవారి పత్రికలలో నల్లవారిని విదూషకులుగా, సోమరులుగా, నేరస్థులుగా చిత్రించడం అలవాటైన ఆ రోజులలో, పుస్తకంమీద దృష్టి నిలిపిన ఈ గంభీరమైన ముఖాలు చూసేవారికి కొత్తగా తోచి ఉంటాయి.

హాంప్టన్ చిత్రాలలో కొన్ని జంటలుగా ఉన్నాయి. ఒకదానిలో పాత గుడిసె, పక్కదానిలో హాంప్టన్‌లో చదివిన పట్టభద్రుని ఇల్లు. ఒకదానిలో పాతకాలపు బావి, పక్కదానిలో బాగుచేసిన బావి. చదువుకొన్న కుటుంబం శుభ్రమైన బల్ల చుట్టూ కూర్చుని భోజనం చేస్తుంటుంది, గోడమీద పటాలు వ్రేలాడుతుంటాయి. చదువువల్ల జీవితం ఎలా మారుతుందో ఒక్క చూపులో తెలియజెప్పడం వీటి ఉద్దేశం. విద్యాలయం నడవడానికి ఉత్తరాది ధనికుల విరాళాలే ముఖ్యాధారం. వారికి నమ్మకం కలిగించడానికి ఇటువంటి చిత్రాలకు మించిన సాధనం లేదు.

ప్యారిస్ ప్రదర్శన

ప్యారిస్ ప్రదర్శనలో అమెరికా నల్లజాతివారి ప్రగతిని చూపే విభాగమొకటి ఏర్పడింది. న్యాయవాది థామస్ కాలోవే దానికి నిర్వాహకుడు. పండితుడు డబ్ల్యు.ఇ.బి. డ్యూబోయిస్ తన విద్యార్థులతో కలిసి గణాంక పటాలను రంగులతో తయారుచేసి, నల్లజాతి స్త్రీపురుషుల వందలాది ఛాయాచిత్రాలను సేకరించి పంపాడు. కాంగ్రెస్ గ్రంథాలయంలో పనిచేసే డేనియల్ మరే నల్లజాతి రచయితల గ్రంథాలను సమకూర్చాడు. వీటి నడుమ ఫ్రాన్సిస్ తీసిన హాంప్టన్ చిత్రాలు కూడా ప్రదర్శింపబడ్డాయి. వాటికి ఉన్నత బహుమతి లభించింది. ఆ సందర్భంలోనే ప్యారిస్‌లో జరిగిన ఛాయాచిత్రకారుల మహాసభకు ఆమె ప్రతినిధిగా వెళ్ళి, తన కృషినే కాక అమెరికాలోని ఇతర స్త్రీ ఛాయాచిత్రకారుల చిత్రాలను కూడా సేకరించి ప్రదర్శించింది.

ఆ విభాగాన్ని చూసినవారికి అమెరికా నల్లజాతివారు ఒక తరం కాలంలోనే ఎంత ముందడుగు వేశారో అర్థమైంది. అయితే ఆ బడులున్న రాష్ట్రాలలో పరిస్థితి మరొక విధంగా ఉన్నది. రెండు జాతులకు వేరువేరు ఏర్పాట్లు చేయడం రాజ్యాంగ విరుద్ధం కాదని 1896లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1901లో అలబామా రాష్ట్రం కొత్త రాజ్యాంగం వ్రాసుకొని, నల్లవారిలో అత్యధికులకు ఓటుహక్కు లేకుండా చేసింది. అదే యేడు అక్టోబరులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ బుకర్ టి. వాషింగ్టన్‌ను తన నివాసంలో విందుకు పిలవగా, ఒకే పంక్తిలో ఇద్దరు కూర్చుని భుజించారన్న వార్తకు దక్షిణాది పత్రికలు అగ్గిమీద గుగ్గిలమయ్యాయి. ఆ మరుసటి యేడే ఫ్రాన్సిస్ అలబామాకు ప్రయాణమైంది.

టస్కీగీ, రేమర్

అలబామాలోని టస్కీగీ పట్టణంలో 1881లో బుకర్ టి. వాషింగ్టన్ ప్రధానాచార్యుడుగా ఒక విద్యాలయం వెలిసింది. విద్యార్థులే ఇటుకలు కాల్చి దాని భవనాలు కట్టుకొన్నారు. ఆ విద్యాలయంలో చదివినవారు పరిసర గ్రామాలకు వెళ్ళి చిన్నచిన్న బడులు స్థాపించారు. తొలి పట్టభద్రులలో ఒకరైన కార్నీలియా బోవెన్ మౌంట్ మెగ్స్‌లోను, విలియం ఎడ్వర్డ్స్ స్నోహిల్‌లోను స్థాపించిన బడులు అటువంటివే. తల్లివృక్షాన్ని, దానినుండి పుట్టిన మొలకలను కూడా చిత్రించడానికి వాషింగ్టన్ ఫ్రాన్సిస్‌ను పిలిపించాడు.

1902 చివరలో ఆమె టస్కీగీలో పనిచేసింది. వృక్షశాస్త్రజ్ఞుడు జార్జి వాషింగ్టన్ కార్వర్ ప్రయోగశాలలో విద్యార్థుల నడుమ నిలబడి ఉన్న చిత్రం ఆ సందర్భంలో తీసినదే. నేలను బాగుచేసే మార్గాలను పేద రైతులకు బోధిస్తూ, తరువాతి కాలంలో వేరుశెనగపై పరిశోధనలకు లోకప్రసిద్ధుడైన కార్వర్ అప్పటికి నలభై యేళ్ళలోపువాడు.

నవంబరులో ఆమె మాంట్‌గోమరీ జిల్లాలోని రేమర్ అనే చిన్న ఊరికి బయలుదేరింది. అక్కడ నల్లజాతి పిల్లలకు చేతిపనులతో కూడిన బడి నడుపుతున్న ఉపాధ్యాయుడు నెల్సన్ హెన్రీ. ఆ ప్రయాణంలో కార్వర్ కూడా ఉన్నాడు. రైలు రాత్రివేళ ఊరు చేరింది. అతిథిని బసకు చేర్చడానికి హెన్రీ బండి తెచ్చుకొని స్టేషనుకు వచ్చాడు. ఏ దేశంలోనైనా దూరమునుంచి వచ్చిన అతిథికి ఉపాధ్యాయుడు చేసే మర్యాద అది. కాని ఒక తెల్ల స్త్రీ రాత్రివేళ నల్లవాని బండిలో ఎక్కడం చూసిన ఆ ఊరి తెల్లవారు కొందరికి కోపం వచ్చింది. వారు వెంటపడ్డారు. హెన్రీపై తుపాకి కాల్పులు జరిగాయి. గుండు ఆయనకు తగలలేదు కాని, ప్రాణం దక్కించుకోవడానికి ఆయన పారిపోవలసి వచ్చింది.

ఆ రాత్రి కార్వర్ పరిస్థితి మరింత దుస్సహం. తాను నల్లవాడు. ఆ స్త్రీ పక్కన కనబడితే తన ప్రాణానికీ ముప్పే. ఆమెను ఒంటరిగా వదిలివేయడానికి మనసొప్పలేదు. ఎలాగో ఆమెను ఆ ఊరినుండి క్షేమంగా దాటించి, తాను రాత్రంతా మేలుకొని గడిపాడు. తన జీవితంలో అంతటి భయంకరమైన అనుభవం మరొకటి లేదని తరువాత వాషింగ్టన్‌కు ఉత్తరం వ్రాశాడు. ఫ్రాన్సిస్ కనబరచిన ధైర్యాన్ని కూడా ఆయన అందులో మెచ్చుకొన్నాడు.

ఫ్రాన్సిస్‌కు అపాయం తప్పింది. ఆమె అలబామాలోని మిగిలిన బడుల చిత్రాలు కూడా తీసి, కీర్తితో ఇంటికి చేరింది. కాని నెల్సన్ హెన్రీ తిరిగి రేమర్‌లో అడుగుపెట్టే వీలు లేకపోయింది. తాను నడుపుతున్న బడిని, తన విద్యార్థులను, తన ఊరిని విడిచిపెట్టవలసి వచ్చింది. ఆయన చేసిన నేరమల్లా తన బడిని చూడవచ్చిన అతిథికి ఎదురువెళ్ళి బండిలో ఎక్కించుకోవడమే. ప్యారిస్‌లో మెప్పు పొందిన చిత్రాల వెనుక, దక్షిణాది పల్లెలలో చదువు చెప్పడానికి ఎంతటి సాహసం అవసరమో ఈ ఒక్క సంఘటన తెలియజేస్తుంది. పంతులు ప్రతి ఉదయం బడి తలుపు తీయడమే ఆ ఊళ్ళలో ధైర్యసాహసాలతో కూడిన పని.

టస్కీగీకి మరల

ఇంత జరిగినా ఫ్రాన్సిస్ ఆ పనిని విడిచిపెట్టలేదు. వాషింగ్టన్ 1904లో ప్రకటించిన చేతిపనుల విద్యను గురించిన గ్రంథంలో ఆమె ఛాయాచిత్రాలు చేరాయి. 1906లో టస్కీగీ విద్యాలయం రజతోత్సవం జరుపుకొన్నప్పుడు ఆమె మరల వెళ్ళింది. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ, హార్వర్డ్ విశ్వవిద్యాలయాధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ వంటి ప్రముఖులతో వాషింగ్టన్ నిలిచి ఉన్న చిత్రాలు ఆనాడు తీసినవి. కార్వర్ పేరు వినగానే నేడు చాలామంది కళ్ళలో మెదిలే చిత్రాలు కూడా అప్పటివే.

బడిని చిత్రంద్వారా లోకానికి చూపడం ఆ పిమ్మట టస్కీగీ కార్యక్రమాలలో అంతర్భాగమైంది. వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ ఇచ్చిన ధనానికి నల్లజాతి గ్రామస్థులు తమ చందాలను, కలపను, శ్రమదానాన్ని జోడించి, 1912 - 1932 సంవత్సరాల మధ్య 15 రాష్ట్రాలలో సుమారు 5,000 బడులు కట్టుకొన్నారు. ఆ బడులలో వేలాది భవనాల ఛాయాచిత్రాలు నేటికీ ఫిస్క్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. చాలా ఊళ్ళలో భవనాలు కూలిపోయాయి. చిత్రాలు మాత్రమే మిగిలాయి.

ఉత్తర జీవితం

తరువాతి కాలంలో ఫ్రాన్సిస్ దృష్టి భవనాలవైపు, ఉద్యానవనాలవైపు మళ్ళింది. మాటీ ఎడ్వర్డ్స్ హ్యూయిట్ అనే ఛాయాచిత్రకారిణితో కలిసి న్యూయార్క్‌లో కొన్ని సంవత్సరాలు స్టూడియో నడిపింది. రంగులద్దిన గాజు పలకలను తెరమీద చూపుతూ తోటల పెంపకంపై ఉపన్యాసాలు ఇచ్చింది. డెబ్బయ్యవ యేట అడుగుపెడుతూ మరొక మహాకార్యానికి పూనుకొన్నది. 1933నుండి 1940 వరకు కార్నెగీ సంస్థ ధనసహాయంతో దక్షిణాది తొమ్మిది రాష్ట్రాలలో సంచరించి, శిథిలమవుతున్న పాత కట్టడాలను 7,000కు పైగా చిత్రాలలో భద్రపరిచింది. జమీందారుల మేడలతోపాటు మరలు, సత్రాలు, సామాన్యుల కొంపలు, ఒకనాడు బానిసలు నివసించిన గుడిసెలు కూడా వాటిలో చోటు చేసుకొన్నాయి. ఈ కృషికి గుర్తింపుగా 1945లో అమెరికా వాస్తుశిల్పుల సంస్థ ఆమెకు గౌరవ సభ్యత్వం ఇచ్చింది. చివరి సంవత్సరాలు న్యూఆర్లియన్స్ నగరంలో గడిపి, 1952లో 88వ యేట ఆమె కన్నుమూసింది.

తోలు అట్టల సంపుటం

ఫ్రాన్సిస్ జీవించి ఉండగానే హాంప్టన్ చిత్రాలను లోకం మరచిపోయింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లింకన్ కిర్‌స్టైన్ అనే కళాభిమానికి వాషింగ్టన్ నగరంలోని ఒక పాతపుస్తకాల దుకాణంలో తోలు అట్టల సంపుటం ఒకటి కనిపించింది. అందులో 159 చిత్రాలు ఉన్నాయి. తీసినవారి పేరు అందులో లేదు. ఆయన దానిని కొని దాచి, 1965లో న్యూయార్క్‌లోని ఆధునిక కళామందిరానికి బహూకరించాడు. 1966లో ఆ మందిరం వాటిలో 44 చిత్రాలను ప్రదర్శించి, పుస్తకంగా వెలువరించింది. పౌరహక్కుల ఉద్యమం దేశాన్ని కదిలిస్తున్న ఆ సమయంలో, అరవై యేళ్ళకు పూర్వపు విద్యార్థుల ముఖాలు మరల ప్రజల ముందుకు వచ్చాయి. 2019లో ఆ సంపుటంలోని చిత్రాలన్నీ గ్రంథరూపం దాల్చాయి.

చిత్రాలు వెలుగులోకి వచ్చిన కొద్దీ ప్రశ్నలు కూడా వెలువడ్డాయి. నల్లవారికి వడ్రంగము, వ్యవసాయము నేర్పితే చాలుననే విద్యావిధానాన్ని డ్యూబోయిస్ 1903లోనే తీవ్రంగా విమర్శించాడు. ఓటుహక్కు, ఉన్నతవిద్య, పౌరసమానత్వం లేకుండా చేతిపని మాత్రమే ఒక జాతిని నిలబెట్టలేదన్నది ఆయన వాదం. ఫ్రాన్సిస్ చిత్రాలు చూస్తే ఆ విమర్శ ఎందుకు పుట్టిందో కూడా కొంత బోధపడుతుంది. వాటిలో అంతా క్రమశిక్షణ, అంతా నిశ్శబ్దం. నవ్వే విద్యార్థి కాని, వాదించే విద్యార్థి కాని కనిపించడు. ఒక చిత్రంలో లూయీ ఫైర్‌టెయిల్ అనే ఆదివాసి విద్యార్థి తన తెగ దుస్తులు ధరించి అమెరికా చరిత్ర తరగతి ఎదుట నిలబడి ఉంటాడు. తోటి విద్యార్థులు ఆయనను చూసి పాఠం నేర్చుకొంటున్నారు. ఆయన వారితో కూర్చుని చదివే విద్యార్థి అన్న సంగతి ఆ దృశ్యంలో మరుగునపడింది. నల్లజాతి కళాకారిణి క్యారీ మే వీమ్స్ 2000లో ఈ చిత్రాలను ఆధారం చేసుకొని కొత్త కళాఖండాలు నిర్మించి, విద్య పేరిట ఆ యువకులు తమదైన దేనిని వదులుకోవలసి వచ్చిందని ప్రశ్నించింది.

ఈ ప్రశ్న న్యాయమైనదే. ఫ్రాన్సిస్ విద్యాలయం తనకు చూపించినదానిని చిత్రించింది. విద్యాలయం దాతలు చూడగోరినదానిని చూపించింది. చిత్రం కింద తరగతి పేరు ఉన్నది, పాఠం పేరు ఉన్నది. మెట్లు కడుతున్న యువకుల పేర్లు లేవు, జెండాకు మ్రొక్కుతున్న పిల్లల పేర్లు లేవు. అయినప్పటికీ, ఆ చిత్రాలను దగ్గరగా పరిశీలించేవారికి తీసినవారి ఉద్దేశానికి లోబడని అంశాలు కూడా కొన్ని కనిపిస్తాయి. తరగతి అంతా ఒకవైపు చూస్తుండగా, ఏదో ఒక విద్యార్థి కన్ను చటుక్కున కెమెరావైపు తిరిగి ఉంటుంది. బోధిస్తున్న విషయం ఏదైనా, నేర్చుకోవాలన్న పట్టుదల ఆ ముఖాలది. దానిని ఎవరూ అమర్చలేదు.

బానిసత్వంలో అక్షరం నేరమైన జాతి, అక్షరం చేత బట్టిన తొలి దినాలకు ఆ గాజు పలకలు సాక్ష్యం. వాటిని తీసిన స్త్రీ నైపుణ్యాన్ని, సాహసాన్ని లోకం ఆలస్యంగానైనా గుర్తించింది. అదే కథలో, రాత్రివేళ అతిథికోసం బండి తెచ్చి, అందుకు మూల్యంగా బడినే పోగొట్టుకొన్న నెల్సన్ హెన్రీకి కూడా చోటున్నది. ఫ్రాన్సిస్ జాన్‌స్టన్‌ను స్మరించే ప్రతి సందర్భంలోను ఆ ఉపాధ్యాయుని పేరును కూడా చెప్పుకోవడం విద్యను గౌరవించేవారి కనీస ధర్మం.